కాలు కొలిచి కట్టిన సైకిల్

దేవరకొండలో సైకిల్ దుర్గయ్య అంటే తెలియనివాళ్లు తక్కువ. బస్టాండు దాటి కోట వైపు తిరిగే దారిలో ముప్పై ఎనిమిదేళ్లుగా అదే రేకుల కొట్టు, పంక్చర్లు చూసే అదే నీళ్ల తొట్టి. చక్రం ఒకసారి తిప్పి చెవి పెట్టి వింటే చాలు, లోపల బేరింగులో ఎన్ని బాల్సు అరిగాయో చెప్పేస్తాడని ఆయనకు పేరు. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది కాబట్టి కొంచెం గర్వం ఉండేది. బైకులు వచ్చి సైకిళ్లు తగ్గిపోయాయి గానీ ఆ గర్వం మాత్రం తగ్గలేదు.

అటువంటి దుర్గయ్య ముందుకు ఆ ఏడు వానలు వెనకపట్టిన రోజుల్లో నాగరాణి ఒకే సైకిల్‌ను నెలలో మూడోసారి నడిపించుకుంటూ తెచ్చింది.

నాగరాణి కూరగాయల మార్కెట్ వెనక కుట్టుమిషన్ పెట్టుకున్న టైలరు. ఆమె ఊరు ఆరు కిలోమీటర్ల దూరం. భర్త పొద్దున్నే గొర్లను తోలుకుని గుట్టకు పోతాడు, ఆమె సైకిలెక్కి దుకాణానికి వస్తుంది. నిరుడు బతుకమ్మ పండక్కి చీరల దుకాణంవాళ్లు తీసిన లక్కీడ్రాలో వచ్చిన సైకిల్ అది. మెరిసే ఎర్ర రంగు, ముందు బుట్ట, చూడ్డానికి పెళ్లికూతురులా ఉంటుంది. మనిషి మాత్రం నాలుగడుగుల పది అంగుళాలు.

"కాకా, మల్లా గదే. మోకాళ్లు గుంజుతున్నయి. కుట్టుమిషన్ కాడ కూసుంటే లేవనస్తలేదు" అంది.

దుర్గయ్యకు చిరాకు వేసింది. మొదటిసారి వచ్చినప్పుడు పెడల్ బిగుసుకుందేమోనని బాల్సు మార్చి గ్రీజు పెట్టాడు. రెండోసారి కాళ్లు అందడం లేదేమోనని సీటు దించాడు. దాంతో నొప్పి ఇంకా ఎక్కువైంది. అందుకని ఆమే మధ్యలో ఒకరోజు ఇంటి దగ్గర భర్తతో సీటు పైకి లేపించుకుంది. అప్పుడు అడుగున పెడల్ అందక, కూర్చున్నచోట అటూ ఇటూ ఊగుతూ తొక్కాల్సి వచ్చింది.

"సైకిల్‌కు ఏ రోగం లేదు బిడ్డా. రోగం నీ కాళ్లకున్నది. దవాఖానకు పో."

"పోయిన కాకా. డాక్టరు సైకిల్ బంద్ జెయ్యమన్నడు. బంద్ జేస్తే దుకాణం ఎవరు తెరుస్తరు? ఆటో ఎప్పుడొస్తదో ఆటోకే ఎరుక లేదు."

పక్కనే చాయ్ కొట్టు పెట్టుకున్న ఐలేశం కిసుక్కున నవ్వాడు. నాగరాణి ఆ నవ్వు పట్టించుకోకుండా సైకిల్‌కు స్టాండు వేసింది. "జర హ్యాండిల్ పట్టు కాకా" అని, సీటు మీద కూర్చుని, పెడల్‌ను వెనక్కి మెల్లమెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతూ తన మోకాలిని తనే చూసుకుంటోంది. బట్ట కోసే ముందు గుడ్డను చూసే చూపు అది.

"చూడు. పెడల్ పైకొచ్చినప్పుడు నా మోకాలు కడుపుకాడికొస్తాంది. కిందికి పోయినప్పుడు కాలివేళ్లు చాపాలె. సీటు దించితే పైన తంటా, లేపితే కింద తంటా. అంటే తప్పు సీటుది గాదు. గీ తిరిగే రాడ్డు ఉన్నది చూడు, ఇది నాకు పొడుగైంది."

ఆమె చూపించింది క్రాంకును. నడిమి ఇరుసుకూ పెడల్‌కూ మధ్య ఉండే ఇనుప కడ్డీ అది. దుర్గయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"క్రాంకు పొడుగైందట! ఏయ్ ఐలేశం, విన్నవా? ఇన్నేండ్ల సంది సైకిళ్లు జేస్తున్న, గీ ముచ్చట ఎన్నడన్న విన్ననా? పెద్దోళ్ల సైకిల్‌కు గంతే పొడుగు ఉంటది బిడ్డా. కంపెనీల కూసున్నోళ్లు సదువుకున్నోళ్లు, వాళ్లకు తెల్వదా?"

"రెడీమేడ్ అంగీలు కుట్టేటోళ్లు గూడ తెలిసినోళ్లే కాకా. అయినా దినాం నా కాడికి పదిమంది వచ్చి చేతులు కురచ జేయించుకపోతరు."

ఈసారి ఐలేశం కిసుక్కున కాదు, గట్టిగానే నవ్వాడు. రోడ్డు మీద పోయే ఇద్దరు ఆగి ఏమైందని అడిగారు కూడా. దుర్గయ్య మొహం కందగడ్డయింది.

"సరే. కురచదే కావాల్నా? కురచదే ఏస్త. రేపు నువ్వే వచ్చి తియ్యమంటవు, చూస్కో" అని లోపలికి వెళ్లాడు.

పంతం మీద ఉన్న మనిషి కదా, పాత సామాన్ల కుప్పలో చెయ్యి పెట్టి అన్నింటికంటే చిన్న క్రాంకుల జత తీశాడు. ఒకటో తరగతి పిల్లలు తొక్కే సైకిల్‌ది. నిండా నాలుగంగుళాలు లేదు. ఎర్ర సైకిల్ క్రాంకులను పట్టి ఉంచే కాటర్ పిన్నులను సుత్తితో కొట్టి ఊడదీశాడు. చిన్నవాటిని ఎక్కించి, కొత్త పిన్నులను ఆకురాయితో రుద్ది సరిపెట్టి బిగించాడు. కుడివైపు క్రాంకుతోపాటు వచ్చే పళ్లచక్రం కూడా చిన్నదే కాబట్టి చైను నాలుగు లింకులు తగ్గించాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు. కోపంలో కూడా పని చెడగొట్టే అలవాటు ఆయనకు లేదు.

మర్నాడు పొద్దున నాగరాణి చెమటలు కక్కుతూ వచ్చింది. దుర్గయ్య స్టూలు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏం బిడ్డా, ఎట్లున్నది?"

"మోకాళ్లు నొయ్యలే కాకా."

ఆయన కాలు కిందికి దిగింది.

"నొయ్యలే గానీ, సైకిల్ తొక్కినట్టు లేదు. మిషన్ తొక్కినట్టున్నది. కాళ్లు గిర్రున తిరుగుతున్నయి, సైకిల్ మాత్రం నత్తలెక్క పోతాంది. ఎత్తు వస్తే బలమే పడతలేదు. ఒక అవ్వ గడ్డిమోపు పెట్టుకోని నన్ను దాటిపోయింది."

"చెప్పిన గదా!" దుర్గయ్య తొడ చరిచాడు.

"ఏం చెప్పినవు? నొప్పి పోయింది గదా. పొడుగుది పొడుగైంది, కురచది కురచైంది. నడిమిది కావాలె. జాకెట్ బిగుతైతే జాకెట్ ఏసుకునుడే బంద్ జేస్తమా?"

దుర్గయ్య నోరు తెరిచేలోగా నాగరాణి మెడలో దండలా వేలాడే టేపు తీసింది.

"నువ్వు నీ సైకిల్ మీద మంచిగ తొక్కుతవు గదా. ఎన్నడన్న మోకాళ్లు నొచ్చినయా?"

"నాకెందుకు నొస్తయి?"

"అయితే నిలబడు. నీ కాలు కొలుస్త."

బజార్లో అందరి ముందూ దుర్గయ్య రెండు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడాల్సి వచ్చింది. ప్యాంటు కుట్టేటప్పుడు కొలిచినట్టే నాగరాణి టేపు కొసను ఆయన చేతికిచ్చి పైన పట్టుకోమంది, తను కింద మడమ దగ్గర చూసింది. ముప్పై రెండున్నర అంగుళాలు. తర్వాత గోడకు ఆనించి ఉన్న ఆయన సైకిల్ దగ్గర కూర్చుని ఇరుసు నడిమి నుంచి పెడల్ నడిమి దాకా కొలిచింది. ఆరున్నర.

నాగరాణి కళ్లు మూసుకుని పెదవులు కదిలించింది. "ముప్పై రెండున్నరల ఆరున్నర… ఐదు మాట్ల పోతది. ఐదో వంతు!" అంది. "మేం ఛాతీ కొలిచి, దాని లెక్క మీద చంక ఎంత కొయ్యాల్నో తీస్తం కాకా. ఇది గూడ గట్లనే అనిపిస్తాంది. నా కాలు ఇరవై ఏడు. ఐదో వంతు అంటే ఐదున్నరకు జర తక్కువ."

"ఒక్క మనిషిని కొలిచి లెక్క కడితే ఎట్ల?" దుర్గయ్య వదల్లేదు.

నిజానికి అది సరైన ప్రశ్నే. అందుకని నాగరాణి ఐలేశాన్ని పిలిచింది. ఐలేశం కాలు ముప్పై మూడు, అతని సైకిల్ క్రాంకు కూడా ఆరున్నర. సైకిల్‌తో అతనికెన్నడూ ఏ బాధా లేదు. దుర్గయ్య గడ్డం గోక్కున్నాడు. లోపలికి వెళ్లి కుప్పంతా బయటికి లాగాడు. ఐదో తరగతి పిల్లలు తొక్కే సైకిల్ క్రాంకులు దొరికాయి. టేపు అడిగి తీసుకుని తనే కొలిచాడు. ఐదున్నర.

వాటిని బిగించాక సీటు దగ్గర చిన్న పేచీ వచ్చింది. "కంపెనీదానికంటే క్రాంకు అంగుళం కురచైంది గాబట్టి కింద పెడల్ అంగుళం పైకొచ్చింది. సీటు గూడ అంగుళం లేపాలె" అన్నాడు దుర్గయ్య. అంత ఎత్తు ఎక్కితే పడిపోతానేమోనని నాగరాణి భయపడింది. "నీ లెక్క నేను విన్న, నా లెక్క నువ్వు విను" అని ఆయన సీటు లేపి బిగించేశాడు.

ఆమె ఎక్కి బస్టాండు దాకా పోయి వచ్చింది. దిగలేదు. మళ్లీ కోట దారి వైపు పోయింది. వచ్చేటప్పుడు రెండు పెదవుల మధ్య నవ్వు ఆగడం లేదు.

"కాకా! మోకాలు కడుపుల తగుల్తలేదు. కింద గూడ అందుతాంది. గిది నా సైకిల్!"

దుర్గయ్య చెయ్యి తుడుచుకుంటూ "ఊ" అన్నాడు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయన నోట ఎవరూ వినలేదు.

మధ్యాహ్నం ఇంటికి అన్నానికి పోయినప్పుడు ఈ ముచ్చటంతా భార్య భద్రమ్మకు చెప్పాడు. చెప్పేటప్పుడు లెక్క తానే కనిపెట్టినట్టు కొంచెం మార్చి చెప్పాడనుకోండి. భద్రమ్మ పచ్చిపులుసు పోస్తూ వింటోంది. ఐదో వంతు అనేసరికి గంటె ఆగింది.

"ఆమె కాలు ఎంత?"

"ఇరవై ఏడు."

"నేను ఆమెకంటే పొట్టి" అంది భద్రమ్మ. పులుసు గిన్నె కింద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది.

దుర్గయ్య కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు.

ముప్పై ఏళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, భద్రమ్మ తనే సైకిల్ నేర్పమని అడిగింది. వాళ్ల చెల్లెలిని ఇచ్చిన తండా దారి ఊరు ఎనిమిది కిలోమీటర్లు. బస్సు లేదు. నేర్చుకుంటే తానే పోయి రావచ్చని ఆమె ఆశ. దుర్గయ్య తన సైకిల్ మీదే ఎక్కించాడు. పది రోజులు కాలేజీ గ్రౌండులో తొక్కింది. పదకొండో రోజుకు రెండు మోకాళ్లూ వాచిపోయి, ఇక నాతో కాదని దిగిపోయింది. ఆ తర్వాత దుర్గయ్య చేసిన పని ఏమిటంటే, దాన్నొక హాస్యం చేసుకున్నాడు. కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ "సైకిల్ దుర్గయ్య పెండ్లానికి సైకిల్ రాదు" అని చెప్పి నవ్వించేవాడు. పెళ్లిళ్లలో చెప్పాడు, పేరంటాల్లో చెప్పాడు, ఆమె తమ్ముళ్ల ముందు కూడా చెప్పాడు. భద్రమ్మ ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఆమె కూడా నవ్వుతోందనే ఆయన అనుకున్నాడు.

ఆ రోజుల్లోని ఆ సైకిల్ క్రాంకు ఏడంగుళాలు. ఆ లెక్క వేసుకోవడానికి దుర్గయ్యకు టేపు అక్కర్లేకపోయింది.

మర్నాడు ఆయన నాగరాణి దుకాణానికి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ రాని మనిషి వచ్చేసరికి ఆమె మిషన్ ఆపింది.

"బిడ్డా, మా ఇంటిదాని కాలు కొలవాలె. నేను అడిగితే కొలవనియ్యది. నువ్వు జాకెట్ కొలత అని చెప్పి రా."

సాయంత్రం నాగరాణి వెళ్లింది. భుజం కొలిచింది, నడుము కొలిచింది. మాటల్లో పెట్టి మెల్లగా కిందికి వంగి కాలి మడమ దగ్గర టేపు పెట్టింది. భద్రమ్మ కిందికి చూసి, "జాకెట్‌కు కాలి కొలత ఎందుకు బిడ్డా?" అని అడిగింది.

నాగరాణికి అబద్ధం నోటికి రాలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భద్రమ్మ చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని, "సక్కగ కొలువు" అంది.

ఇరవై ఆరు.

ఐదో వంతు లెక్కన ఐదుంబావు అంగుళాల క్రాంకు కావాలి. కుప్పలో లేదు. దుర్గయ్య నల్లగొండకు ఫోన్ చేశాడు, లేదన్నారు. చివరికి హాలియాలో గుర్వయ్య అనే పాత మేస్త్రీ కొట్టు మూసేస్తున్నాడని తెలిసి బస్సెక్కి పోయాడు. గుర్వయ్య అటక మీదినుంచి దుమ్ము పట్టిన డబ్బా దించాడు. అందులో కాగితం కూడా విప్పని ఐదుంబావు జత ఒకటి ఉంది. బస్సులో వచ్చేటప్పుడు దుర్గయ్య దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు, పక్క సీటు ఖాళీగా ఉన్నా సరే.

ఐదు రోజులు పట్టింది. అడ్డకడ్డీ లేని పొట్టి ఫ్రేము తీసుకుని గీకి ఆకుపచ్చ రంగు వేశాడు. చక్రాలకు పుల్లలు ఒక్కొక్కటే బిగించి, చెవి పెట్టి విన్నాడు. ఐలేశం "ఎవరికి దుర్గన్నా?" అని రోజుకు నాలుగుసార్లు అడిగేవాడు. దుర్గయ్య చెప్పేవాడు కాదు.

ఆరో రోజు పొద్దున సైకిల్‌ను ఇంటి ముందు నిలబెట్టాడు. భద్రమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చి చూసింది.

"ఇదేంది?"

"నీదే."

"యాభై ఐదేండ్లకు నేను సైకిల్ తొక్కాల్నా? వాడకట్టోళ్లు నవ్వరా?"

"నవ్వించినోన్ని నేనే గదా" అన్నాడు దుర్గయ్య. ఆయన చూపు సైకిల్ మీదే ఉంది. "ముప్పై ఏండ్లు నవ్వించిన. నీకు సైకిల్ రాక గాదు భద్రమ్మా. నేను నీకు సరైన సైకిల్ ఇయ్యలే. మేస్త్రీనయ్యుండి నీ కాలు దిక్కు సూడలే. తప్పు నాది."

భద్రమ్మ చీపురు గోడకు ఆనించింది. చెంగుతో మొహం తుడుచుకుంది, చెమటేమీ లేకపోయినా. తర్వాత చీర కుచ్చిళ్లు నడుంలో దోపుకుని, "తెల్సింది గదా, ఇగ సాలు. గ్రౌండుకు నడు" అంది.

కాలేజీ గ్రౌండులో అప్పటికే నడకకు వచ్చినవాళ్లు పదిమంది ఉన్నారు. వాళ్లంతా నడక ఆపి నిలబడ్డారు. భద్రమ్మ ఎవరినీ చూడలేదు. సీటు మీద కూర్చుని, ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద పెట్టి, "పట్టుకున్నవా?" అని అడిగింది.

"పట్టుకున్న."

"ఇడిస్తే ఊకోను."

మొదటి నాలుగు బారలు సైకిల్ పాములా వంకరలు పోయింది. దుర్గయ్య సీటు కింద చెయ్యి పెట్టి వంగి పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి, లుంగీ ఒక చేత్తో, సీటు ఒక చేత్తో. ఆమె మోకాళ్లు కళ్ల ముందు పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా బిగుసుకోలేదు. పది రోజులు నేర్చుకున్న ఒళ్లు ముప్పై ఏళ్లయినా మరిచిపోలేదు. గోల్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి సైకిల్ తిన్నగా పోతోంది. దుర్గయ్య ఎప్పుడో చెయ్యి వదిలేశాడు, ఊపిరందక.

"ఇడిచినవా?" అని అరిచింది భద్రమ్మ వెనక్కి చూడకుండా.

"ఇడిచిన!"

"మంచిది!"

ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. నడక మనుషులు చప్పట్లు కొట్టారు. మూడో చుట్టులో ఆమె గోల్‌పోస్టు దగ్గర తిరగకుండా తిన్నగా గేటు దాటి రోడ్డెక్కేసింది.

"భద్రమ్మా! బ్రేకు! బ్రేకు పట్టు!" దుర్గయ్య వెంట పడ్డాడు. ఒక చెప్పు గేటు దగ్గరే ఊడిపోయింది. సందు మలుపు తిరిగేసరికి ఆకుపచ్చ సైకిల్ కనబడలేదు. ఎదురొచ్చిన పాలవాణ్ని అడిగితే, "పెద్దమ్మ మార్కెట్ దిక్కు పోయింది కాకా, బెల్లు కొట్టుకుంట" అన్నాడు.

నాగరాణి దుకాణం గుమ్మానికి ఆనుకుని సైకిల్ పడి ఉంది. లోపల భద్రమ్మ కుట్టడానికి వచ్చిన బట్టల మూటల మధ్య కూర్చుని పగలబడి నవ్వుతోంది. నాగరాణి కూడా నవ్వుతూ ఆమె మోచేతికి పసుపు అద్దుతోంది.

"ఆపుడెట్లనో మర్చిపోయిన" అంది భద్రమ్మ. "ఈ మూటలు మెత్తగ కనబడ్డయి, వీట్లెకే వచ్చిన."

"మోకాళ్లు?" దుర్గయ్య రొప్పుతూ అడిగాడు.

ఆమె కాళ్లు చాపి ముడిచి చూసుకుంది. "మోకాళ్లా? ఉన్నయన్న యాదే లేదు."

దుర్గయ్య గడప మీద కూలబడ్డాడు. నాగరాణి మంచినీళ్లు ఇచ్చింది. ఆయన తాగకుండా గ్లాసు భద్రమ్మకు అందించాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు బ్రేకు పట్టడమే నేర్చుకుంది. దుర్గయ్య కొట్టులో టేపు ఒకటి మేకుకు వేలాడసాగింది. పొట్టివాళ్లు, పొడుగువాళ్లు, బడిపిల్లల తల్లులు వచ్చి కాలు కొలిపించుకునేవాళ్లు. అందరికీ క్రాంకు మార్చాల్సిన అవసరం ఉండేది కాదు. కొందరికి సీటు సర్దితే సరిపోయేది, ఆ మాటే చెప్పి పంపేవాడు. "ఐదో వంతు అన్నది దారి చూపెట్టే లెక్క. ఆఖరి మాట మోకాలిదే" అనేవాడు. ఆడవాళ్లు వస్తే కొలతకు నాగరాణి దగ్గరికి పంపేవాడు. లెక్క ఎవరు కనిపెట్టారని అడిగితే ఇప్పుడు సరిగ్గానే చెప్పేవాడు.

బ్రేకు పాఠం నాలుగు రోజులు అయ్యాక, ఐదో రోజు భద్రమ్మ ఒక్కతే చెల్లెలి ఊరికి పోయింది. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరింది. దుర్గయ్య పనిలో కూర్చున్నాడు గానీ ఒక పంక్చరుకు రెండుసార్లు అతుకు వేశాడు. తొమ్మిదింబావుకు ఫోన్ మోగింది.

"చేరిన" అంది భద్రమ్మ. వెనక నుంచి చెల్లెలు ఏదో గట్టిగా మాట్లాడుతోంది, ఎవరో నవ్వుతున్నారు. "మా చెల్లె ఉప్పలమ్మ నమ్ముతలేదు, నువ్వే తెచ్చి దించినవంటాంది. నువ్వు యాడున్నవో చెప్పు జర."

"దుకాణంలనే ఉన్న" అని దుర్గయ్య కొట్టంతా వినబడేలా అరిచాడు.

పొద్దువాలక ముందే ఆమె తిరిగొచ్చింది. హ్యాండిల్‌కు అటొక సంచీ ఇటొక సంచీ, రెంటి నిండా సీతాఫలాలు. దారి గతుకులకు కొన్ని చితికి, ఆమె చీర అంచుకూ ఆకుపచ్చ రంగుకూ తెల్లటి గుజ్జు అంటుకుని ఉంది. కొట్టు ముందు బ్రేకు పట్టి, కాలు నేల మీద ఆనించి, సైకిల్ దిగకుండానే చెప్పింది.

"ఎనకాల క్యారేజీ పెట్టు. ఎల్లుండి మల్లా పోత. చెట్టు మీద ఇంకా శానా ఉన్నయి."

ఐలేశం చాయ్ గ్లాసు పట్టుకుని బయటికొచ్చాడు. ఎవరి సైకిల్ అని ఈసారి అడగలేదు. దుర్గయ్య చితికిన పండొకటి తీసుకుని రెండుగా విప్పి, సగం అతని చేతిలో పెట్టాడు. మిగతా సగం నోట్లో వేసుకుని గింజలు ఉమ్ముతూ, పొట్టి సైకిల్‌కు సరిపోయే క్యారేజీ కోసం కుప్పలో వెతకడం మొదలుపెట్టాడు.